తాబేలు పిల్లకు కాపలా

ఆరిన్ విసిరే చిప్స్ మరిగి మోహావి ఎడారిలోని బొంతకాకులన్నీ అతని పెరటికే కాపురం మార్చాయి. వాటిలో పెద్దదానికి బియాట్రిస్ అని పేరు పెట్టుకున్నాడు. మూడేళ్ళుగా అదంటే అతనికి పంచప్రాణాలు.

ఆ ఉదయం భార్య వెర్నా, కరెంటు స్తంభం కింద ఏరిన పదకొండు డిప్పలు బల్ల మీద పోసింది. ఒక్కొక్కటీ అగ్గిపెట్టెంత, వీపున చిల్లు.

"తాబేలు పిల్లలు. నీ ముద్దుల కాకులు చేసిన ఫలహారం."

"నేను కడుపునిండా పెడుతున్నా కదే!"

"పెడుతున్నావు గనకే గుంపు చేరింది. ఒకప్పుడు ఇక్కడ రెండుండేవి. పొద్దున నలభై లెక్కపెట్టా."

ఆరిన్ ఊళ్ళో వంటల పోటీకి వేళవుతోందని మాంసం కూర గిన్నె ట్రక్కులో పెట్టి, నీడకు తాబేళ్ళు దూరతాయని అక్కడి అలవాటు ప్రకారం వంగి బండి కింద చూశాడు. నీడలో వేలెడు తాబేలు పిల్ల! ఎత్తితే బెదిరి ఒంట్లో దాచుకున్న నీళ్ళన్నీ వదిలేస్తుంది, ఇక ఎండాకాలం దాటదు. బండి తీస్తే చక్రం కింద పడుతుంది. స్తంభం మీద కాకులు బారులు తీరాయి.

ఆరిన్ కూర గరిటె పుచ్చుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"పోటీ సంగతేంటి?" అంది వెర్నా మంచినీళ్ళిస్తూ.

"గంగలో కలవనీ. ఇదొక్కటైనా బతకాలి."

మూడు గంటలు అలాగే ఎండలో మాడాడు. చివరికి పిల్ల తీరిగ్గా బయటికొచ్చి, ముప్ఫై అడుగుల దూరంలోని బొరియ వైపు నడక సాగించింది. అతను పక్కనే వంగి నడిచాడు. బియాట్రిస్ రివ్వున దిగింది.

"పో! పోవే దొంగముండా!" గరిటె గాల్లో ఝళిపించాడు. దాన్ని కసరడం అదే మొదలు.

పిల్ల బొరియలోకి దూరింది. ఆరిన్ నడుం నిటారు చేశాడు. బియాట్రిస్ ఎదురుగా వాలి నోరు తెరిచింది.

"లేదు తల్లీ. ఇక పెట్టను," అన్నాడు గరిటె దించి.

అది కాసేపు చూసి, వెనక్కి తిరిగైనా చూడకుండా ఎగిరిపోయి పక్కింటి పర్విస్ తెరిచి ఉంచిన చెత్తడబ్బా మీద వాలింది.

"ఇదేనా నీ మూడేళ్ళ ప్రేమ?" వెర్నా పకపకా నవ్వింది.

ఆరిన్ కళ్ళు తుడుచుకుని, గరిటె చేత్తోనే అటు పరుగెత్తాడు.

"ఓయ్ పర్విస్! నీకు బుద్ధుందా? ముందా మూత వెయ్యవయ్యా!"