అలుగు అరవై అడుగులు

అలివేలు అన్నం గంజి వారుస్తుంటే రఘునాథ్ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లయిన పదకొండేళ్లలో అతను అంతదూరం వచ్చిన రోజులు చాలా తక్కువ. ఏం కావాలన్నా ముందు గదిలోంచి కేకేస్తాడు, ఆమె చేతులు తుడుచుకుంటూ వెళ్తుంది. అందుకే గిన్నె దించి, ఏమైందోనని అతని మొహంలోకి చూసింది.

"రేపు పదకొండు గంటలకు నాతోని కచేరికి రావాలె. పెద్దసాబు నిన్ను ఒక్క మాట అడుగుతడు. ఎక్కించేటప్పుడు చూసుకోలేదు, పొరపాటైంది అని చెప్పు. గంతే."

ఏం పొరపాటని అడిగింది. అతను గోడవైపు చూస్తూ చెప్పాడు. గుండ్లవాగు మీది మట్టికట్ట తెగింది. తెగి పన్నెండు రోజులైంది. కట్ట కిందున్న తాటిగూడెంలో ఇళ్లు కొట్టుకుపోయాయి. ముగ్గురు చనిపోయారు.

మసిగుడ్డ అలివేలు చేతిలో అట్లాగే ఉండిపోయింది. పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజులూ అతను పొద్దున్నే స్నానం చేసి, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, సైకిలెక్కి వెళ్లివచ్చాడు. మొన్న ఆదివారం వంకాయ కూర బాగుందని మారు వడ్డించమన్నాడు. ఆమె వడ్డించింది. అప్పటికే ముగ్గురు మనుషులు మట్టిలో ఉన్నారు.

ఆ కట్టను ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా దాని పొడుగూ ఎత్తూ ఆమెకు తన ఇంటి గదుల కొలతల కంటే బాగా తెలుసు. ఏటా వానకాలం వాగు పొంగి తాటిగూడెం మునుగుతోందని సర్కారు అక్కడ చిన్న మట్టికట్ట వేయించింది. వరదను ఆపి, కొద్దికొద్దిగా వదలాలి. మరీ ఎక్కువైన నీళ్లు పక్కనున్న అలుగు మీదుగా పొర్లిపోవాలి. ఆ పనికి ఓవర్సీరు రఘునాథే. అతని చదువంతా ఉర్దూలో సాగింది. నిజాం రోజులు పోయాక కచేరీలో కాయితాలన్నీ ఇంగ్లీషులోకి మారాయి. అలివేలు తండ్రి హెడ్మాస్టరు, కూతురికి మెట్రిక్ దాకా ఇంగ్లీషు తనే చెప్పాడు. దాంతో ఎనిమిదేళ్లుగా మధ్యాహ్నం ఎంగిళ్లెత్తాక, రఘునాథ్ రిపోర్టులన్నీ మొఘల్‌పురాలోని ఈ ఇంట్లో ఆమె చేతిమీదుగానే తయారవుతున్నాయి. సెలవురోజు అతను పడుకుని తెలుగులో చెప్తాడు. ఆమె కింద కూర్చుని ఇంగ్లీషు చేసి, సాపు ప్రతి రాస్తుంది. ఒకసారి కచేరీలో పనిచేసే ఆనందరావు ఇంటికొచ్చి, నీ ఇంగ్లీషు చూస్తే ఈర్ష్యగా ఉందయ్యా అన్నాడు. రఘునాథ్ నవ్వి ఊరుకున్నాడు. ఆమె పరదా వెనక చాయ్ కప్పులు పట్టుకుని నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆమెకు సంతోషమే అయింది. ఇప్పుడు ఆ సంతోషం తలుచుకుంటే సిగ్గేసింది.

కట్ట పని పూర్తయిందని గుండ్లవాగు రిపోర్టు రాసిన మధ్యాహ్నం ఆమెకు బాగా గుర్తుంది. కొలతల పుస్తకంలో అలుగు వెడల్పు నలభై ఒక్క అడుగులని అతని చేతిరాతతోనే ఉంది. అతను చెప్తున్నది మాత్రం అరవై. నక్షాలో గీసిన ప్రకారం ఉండాల్సింది అరవై. తవ్వుతుంటే బండ అడ్డం పడింది, వానలు రాకముందే పని పూర్తయిందనిపించుకోవాలని అక్కడితో ఆపేశారు. ఆమె కలం ఆపి, ఇక్కడ నలభై ఒకటని ఉంది కదా అంది. "నీకేం సమజైతది, చెప్పింది రాయి" అన్నాడు కళ్లు తెరవకుండానే. అదే సమయానికి వంటింట్లోంచి పాలు మాడిన వాసన వచ్చింది. ఆమె గబగబా అరవై అని రాసి లేచింది.

మొదటి వానకాలం ఎట్లాగో గడిచిపోయింది. ఈసారి వరద దండిగా వచ్చింది. అలుగు దగ్గర పోయేందుకు చాలినంత దారి లేక నీళ్లు కట్ట మీదికెక్కి దాన్ని కోసేశాయి. రిపోర్టులో నలభై ఒకటని ఉంటే, ముందే ఆ బండ కొట్టించి ఉండేవాళ్లు.

"పెద్దసాబుకు ఏం చెప్పిన్రు?" అని అడిగింది అలివేలు.

సాపు రాసింది భార్య అనీ, నక్షాలోని అరవై, కొలిచిన నలభై ఒకటి పక్కపక్కనే ఉంటే ఒకదాని బదులు ఒకటి ఎక్కించిందనీ రాసిచ్చానన్నాడు.

"నా పేరు రాసిచ్చిన్రా?"

"ఫికర్ చెయ్యకు. ఆడమనిషి అని వదిలేస్తరు. నౌకరి పోతే నాది పోతది. నీకు పోయేదేముంది?"

అతను కోపంగా అనలేదు. మంచినీళ్లు అడిగినంత మామూలుగా అన్నాడు. రిపోర్టులు రాసేది తన భార్య అని ఎనిమిదేళ్లలో అతను ఒక్క మనిషికీ చెప్పలేదు. మొదటిసారి చెప్పినప్పుడు ఇట్లా చెప్పాడు.

పెరటి గడపలో చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు లక్ష్మీకాంతమ్మ ఇదంతా వింటూనే ఉంది. కోడలు కాయితాలు ముందేసుకుని కూర్చుంటే ఆమెకు ఎప్పుడూ చిరాకే. కోడలి తరఫున మాట్లాడిన పాపాన పోలేదు. అలాంటిది ఇప్పుడు చేట పక్కన పెట్టి, చచ్చిపోయినవాళ్లు ఎవరని కొడుకును అడిగింది.

"ఎవరోనమ్మా. మట్టిపని చేసే ఆడోళ్లు."

పెద్ద మూసీ వరద వచ్చిననాటికి లక్ష్మీకాంతమ్మకు పదేళ్లు. తల్లి ఆ నీళ్లలోనే పోయింది. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు.

"మా అమ్మను గూడ గట్లనే అన్నరు, ఎవరో ఆడమనిషని" అంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. అలివేలు కూడా తినలేకపోయింది. రఘునాథ్ ఒక్కడే తిన్నాడు.

మర్నాడు రిక్షాలో మూసీ వంతెన దాటుతుంటే అతను మళ్లీ చెప్పాడు. ఎక్కువ మాట్లాడొద్దు, తల వంచుకుని ఔనంటే చాలు.

విచారణ చేస్తున్న పెద్దసాబు, ఇంజనీరు సుబ్రహ్మణ్యం కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి. రఘునాథ్‌ను బయట కూర్చోమని, ఆమెకు కుర్చీ చూపించాడు. బల్లమీద రిపోర్టు తెరిచి ఉంది. ఆ గుండ్రటి అక్షరాలు చూడగానే, జనంలో తన బిడ్డను గుర్తుపట్టినట్టు ఆమె గుర్తుపట్టింది. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క సిరా మరక లేదు. అరవై అనే అంకె ఎంత అందంగా ఉందో.

"ఇంటిపనుల హడావుడిలో పొరపాటు జరిగి ఉంటుంది. అంతేనా అమ్మా?" అన్నాడాయన మెత్తగా.

ఆయన దయగానే అడుగుతున్నాడు. తల ఊపితే చాలు, ఇంటికెళ్లి పొయ్యి వెలిగించుకోవచ్చు. ఏమీ తెలియని ఆడదానిగా మిగిలిపోవచ్చు.

"పొరపాటు కాదు" అంది అలివేలు. "నలభై ఒకటని పుస్తకంల చూసిన. అడిగిన. అరవై రాయమన్నరు. అబద్ధమని తెలిసే రాసిన."

సుబ్రహ్మణ్యం కలం కింద పెట్టాడు. ఇది నమోదు చేస్తే మీ ఆయన ఉద్యోగం నిలవదనీ, మీ మీదికి కూడా రావచ్చుననీ హెచ్చరించాడు. నమోదు చేసుకోమంది. ఆయన రాసి ఇచ్చిన కాయితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, ఒకచోట 'చెప్పినట్టు' అని ఉంటే దాని పక్కన 'తెలిసి' అని చేర్పించి, సంతకం చేసింది.

వరండాలో బల్లమీద కూర్చున్న రఘునాథ్ ఆమెను చూసి లేచాడు. అయిపోయిందా, ఇంటికి పోదామా అన్నాడు. ఏం చెప్పావని కూడా అడగలేదు. చెప్పమన్నది చెప్పి ఉంటుందన్న ధీమా.

"నేను చెప్పింది లోపల రాసుకున్నరు, అడగుండ్రి" అంది. "ఇంటికి మీరు పొండ్రి. నేను గౌలిగూడ బస్టాండుకు పోయి బస్సెక్కుత. తాటిగూడెపోళ్లకు గూడ ఈ మాట నేనే చెప్పాలె."