చేతి క్లచ్

ఎడమ చేత్తో క్లచ్ కడ్డీని కిందికి నొక్కి, కుడి చేత్తో రెండో గేరు వేసి, నిదానం ట్రాక్టరును తారురోడ్డు ఎక్కించాడు. ఇక షోరూం దాకా అదే గేరు. మూడో గేరు వేస్తే చాలు, లోపల ఎవరో ఇనప గిన్నెలు ఎత్తి విసిరికొట్టినట్టు చప్పుడు. పదకొండు కిలోమీటర్ల దూరానికి గంటన్నర పట్టేలా ఉంది. వెనక వస్తున్న లారీలన్నీ హారను మోగించి, తిట్టుకుంటూ దాటిపోతున్నాయి. అతను తలకూడా తిప్పలేదు.

నిదానం అతని పేరు కాదు. అసలు పేరు ఓటర్ల జాబితాలో భద్రంగా ఉంది, మనుషుల నోట్లో మాత్రం లేదు. మెల్లగా నడుస్తాడని ఎవరో అలా పిలిచారు, అదే స్థిరపడిపోయింది. కొంప అంటుకున్నా వీడు నడిచే వెళ్తాడురా అని నవ్వుకునేవాళ్లు. అతనూ నవ్వేవాడు. అది అతని స్వభావమనే అందరూ అనుకునేవాళ్లు. ఎడమ మోకాలు వంగదన్న సంగతి జనం ఎప్పుడో మరిచిపోయారు.

ఇరవై రెండేళ్ల కిందట ట్రాలీ తగిలిస్తుండగా బండి వెనక్కి జారి, మోకాలు మధ్యలో ఇరుక్కుంది. డాక్టరు ఎముకను అతికించగలిగాడు గానీ వంపును తిరిగి తేలేకపోయాడు. కాలు చాపింది చాపినట్టే ఉండిపోయింది. క్లచ్ తొక్కలేని డ్రైవర్ ఎందుకు, వేరొకణ్ణి చూసుకోమని పొలం యజమాని అయ్యగారికి నలుగురూ చెప్పారు. అయ్యగారు ఎవరితోనూ వాదించలేదు. కమ్మరిని పిలిపించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కరోజులో ఒక ఇనప కడ్డీ వంచించి క్లచ్ పెడల్‌కు బిగించాడు. పైన చేతికి మెత్తగా ఉండాలని సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగించాడు.

"కాలు మొండికేస్తే చెయ్యి లేదట్రా? దీంతో తొక్కు," అన్నాడు.

ఆ రోజు ఆస్పత్రి కట్టుతోనే బండెక్కి పొలం చుట్టూ తిరిగి వచ్చి నిదానం ఏడ్చాడు. అప్పటినుంచి ఎడమ కాలి పని ఎడమ చెయ్యి చేస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ కాలం బళ్లకి అలాంటి కడ్డీ ఉండేదేమో అనుకునేవాళ్లు. చివరికి అయ్యగారికి కూడా అది బండిలో ఒక భాగమైపోయింది. రోజూ కళ్లెదుట ఉండేదాన్ని ఎవరు మాత్రం చూస్తారు?

ఈ బండి తప్ప లోకంలో ఇంకే బండినీ నిదానం నడపలేడు. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు. గేర్‌బాక్సు చెడినప్పటినుంచి అతనికి తిండి సయించడం లేదు.

మొదటిసారి సర్వీసుకు ఇస్తే తొమ్మిది రోజులు ఉంచుకుని, రంగు వేసి మరీ పంపించారు. చప్పుడు మాత్రం చెక్కుచెదరలేదు. రెండోసారి ఒక పళ్లచక్రం మార్చారు. దాని పక్కది విరిగింది. ఆ చక్రాన్ని కంపెనీ చేయడం మానేసి ఆరేళ్లయిందని డీలరు అప్పుడు చల్లగా చెప్పాడు. అంతే, నిదానం చెల్లెల్ని చూసొస్తానని రెండు రోజులు సెలవు తీసుకున్నాడు. చెల్లెలింటికి వెళ్లనే లేదు. నాలుగు పాత సామాన్ల యార్డులు తిరిగి, మోకాళ్లెత్తు గడ్డిలో పడి ఉన్న తుక్కు బళ్లను చూసి చూసి, చివరికి ఆ చక్రాన్ని పట్టుకున్నాడు. డీజిల్‌తో తుడిచి, తువ్వాల్లో చుట్టి, ఇప్పుడు సీటు కింద పెట్టుకుని తెస్తున్నాడు.

షోరూం వెనక వర్క్‌షాపులో నూనె మరకల నేల మీద బండి ఆపేసరికి తొమ్మిదిన్నర దాటింది. మెకానిక్కు నలభై ఏళ్ల మనిషి. ఈ బండిని రెండుసార్లు విప్పినవాడూ అతనే, రెండుసార్లూ సిగ్గుపడినవాడూ అతనే. తువ్వాలు విప్పి, చక్రం పళ్లమీద బొటనవేలు జరుపుతూ లెక్కపెట్టాడు.

"ఎక్కడ పట్టావన్నా దీన్ని?"

"దొరికింది. సరిపోతుందా?"

"అచ్చు గుద్దినట్టు అదే. కాస్త అరిగిందిగానీ రెండేళ్లకి ఢోకా లేదు. సాయంత్రానికి ఎక్కించేస్తా, పో, టీ తాగిరా."

రెండేళ్లు! నిదానం మనసులోనే లెక్క వేసుకున్నాడు. అప్పటికి తనకు అరవై. ఆ తర్వాత పని మానేసినా ఎవరూ ఎందుకని అడగరు. నెలరోజుల తర్వాత మొదటిసారి అతనికి ఆకలేసింది.

అంతలో షోరూం అద్దాల గదిలోంచి అయ్యగారి గొంతు వినిపించింది. బండి షోరూంకి తెమ్మని, పది గంటలకు తనూ వస్తానన్న మనిషి ముందే వచ్చి కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొచ్చిన వాడిలా వెలిగిపోతున్నాడు. ఎదురుగా డీలరు ఏవో కాగితాలు సర్దుతున్నాడు.

"రారా నిదానం, ఇటు రా. కళ్లు మూసుకో."

"ఏంటండీ?"

"మూసుకోమంటే మూసుకో."

చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా కొత్త ట్రాక్టరు. టైర్ల మీద వెంట్రుకల్లాంటి రబ్బరు పోగులు కూడా ఇంకా ఊడలేదు.

"నీకే," అన్నాడు అయ్యగారు. "ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ పాత స్టీరింగు తిప్పి తిప్పి నీ భుజం పట్టేసింది కదూ? రాత్రిళ్లు నువ్వు మూలుగుతుంటే అమ్మగారికి వినిపిస్తోందట. దీని స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది. ఇన్నేళ్లు నా పొలం దున్నావు, ఇకనైనా సుఖంగా దున్ను."

నిదానం భుజం తడుముకున్నాడు. ఎడమ భుజం నొప్పి నిజమే. అది స్టీరింగు వల్ల కాదు. రోజుకు వెయ్యిసార్లు కడ్డీ నొక్కడం వల్ల వచ్చింది.

"పార్టు దొరికిందండీ," అన్నాడు చివరికి. "తెచ్చాను. రెండేళ్లు నడుస్తుందంట."

డీలరు అందుకున్నాడు. "ఎక్స్‌ఛేంజ్ కాగితాల మీద సంతకాలు కూడా అయిపోయాయి పెద్దాయనా! తుక్కు పార్టులతో ఇంకా ఎందుకు తంటా?"

"నా బండి ఆయుష్షు పెంచడానికి ఎక్కడెక్కడ తిరిగాడో చూడండి," అని అయ్యగారు డీలరుతో గర్వంగా చెప్పాడు. అయ్యగారి కళ్లు చెమర్చాయి. "ఇలాంటి వాడికి కొనకపోతే ఇంకెవరికి కొంటాను? ఎక్కి కూర్చో, చూద్దాం."

నిదానం ఎక్కాడు. మెత్తటి సీటు నడుమును దిండులా పట్టుకుంది. కుడి కాలు దాని చోటు అది వెతుక్కుంది. ఎడమ కాలే కర్రలా ముందుకు చాచుకుని, క్లచ్ పెడల్ పక్కనుంచి బయటికి వచ్చేసింది. ఎడమ చెయ్యి అలవాటుగా కిందికి పోయి, ఏమీ దొరక్క తిరిగొచ్చింది.

"కాలు లోపల పెట్టుకో పెద్దాయనా," అన్నాడు డీలరు.

"కొత్త కదండీ, సిగ్గుపడుతోంది," అన్నాడు నిదానం. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అయ్యగారు నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే నిదానం కిందికి దిగిపోయాడు.

టీ వంకతో వర్క్‌షాపులోకి వెళ్లి మెకానిక్కును పక్కకు పిలిచాడు. ఆ కడ్డీని కొత్తదానికి బిగించడం కుదురుతుందా అని అడిగాడు. మెకానిక్కు కడ్డీ వంక చూశాడు, అతని కాలి వంక చూశాడు. అప్పటిదాకా అతనికీ అర్థం కాలేదు.

"అయ్యో అన్నా," అన్నాడు మెల్లగా. "బిగించడం కష్టమేం కాదు. కానీ వెల్డింగ్ చుక్క తగిలిందంటే వారంటీ పోతుంది. మీ అయ్యగారు సరేనంటే గంట పని. అడుగు. ఏమీ అనుకోరు."

అద్దంలోంచి అయ్యగారు కనిపిస్తున్నాడు. వారంటీ పుస్తకం తెరిచి, ఒక్కో వరుసా వేలు పెట్టి చదువుతున్నాడు. అరగంట వాదించి ఒక సంవత్సరం ఎక్కువ రాయించుకున్నాడట. ఆ సంగతి వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతున్నాడు.

అడిగితే ఒప్పుకునేవాడే. అది నిదానానికి తెలుసు. కానీ ఏమని అడగాలి? నువ్వు ఇంత ముచ్చటపడి తెచ్చింది నాకు పనికిరాదని చెప్పాలా? ఒకప్పుడు నా కాలికోసం నువ్వే కూర్చుని చేయించినదాన్ని నువ్వే మరిచిపోయావని ఆ మొహంమీద చెప్పాలా? ఆ మొహంలో ఆ సంతోషం ఆరిపోవడం తన కళ్లతో చూడాలా? గొంతుదాకా వచ్చిన మాటను టీతో పాటు మింగేశాడు.

పాత బండిని అప్పజెప్పుకునేటప్పుడు డీలరు చుట్టూ తిరిగి చూసి, "ఈ కడ్డీ కంపెనీది కాదు, తీసేయండి," అన్నాడు. మెకానిక్కు నిదానం వైపు చూశాడు. నిదానం తల ఊపాడు. ఇనుము కోసే మిషనుకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నిప్పురవ్వలు రాలి ఆరిపోయాక, కడ్డీ మిగతా తుక్కులో ఒకటిగా పడింది. మెకానిక్కు పాత చక్రాన్ని మళ్లీ తువ్వాల్లో చుట్టి తిరిగి ఇవ్వబోయాడు.

"ఉంచు తమ్ముడూ. ఎవరికైనా పనికొస్తుంది," అన్నాడు నిదానం.

కొత్త బండిని తోలమని అయ్యగారు తాళం ఇస్తే, మొదటి రోజే గీత పడితే తన మనసు ఊరుకోదని చెప్పి తప్పించుకున్నాడు. డీలరు మనిషే తోలాడు. అయ్యగారు ఒకవైపు మడ్‌గార్డు మీద, నిదానం ఇంకోవైపు. పదకొండు కిలోమీటర్లూ అరగంటలో అయిపోయాయి. దారంతా అయ్యగారు గాలికి ఎదురుగా అరుస్తూ ఏయే చేను ముందు దున్నాలో చెబుతూనే ఉన్నాడు. నిదానం ఊ కొడుతూనే ఉన్నాడు.

షెడ్డు ముందు బండి నిలిపి డీలరు మనిషి వెళ్లిపోయాక, నాలుగు గంటల వేళ, నిదానం అయ్యగారి ఎదుట నిలబడ్డాడు.

"నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్తానండి."

"మొన్ననేగా వెళ్లొచ్చావు? సరే, ఎన్ని రోజులు?"

"అక్కడే ఉండిపోదామనండి."

అయ్యగారు తను విన్నది నమ్మలేదు. "బండి ఇంటికొచ్చిన రోజునా?"

"దీన్ని ఎవరైనా తోలగలరండి. ఆ పాతదానికే నేను కావలసి వచ్చింది."

"నీకోసం కొన్నానురా!" అయ్యగారు ఒక అడుగు ముందుకేశాడు. "ఎవరైనా ఏమన్నారా? నేనేమైనా తప్పు చేశానా? చెప్పి ఏడువు!"

"మీరేం తప్పు చేస్తారండీ," అన్నాడు నిదానం. ఇంకొక్క మాట మాట్లాడితే అంతా బయటపడిపోతుందని నేలవైపు చూశాడు.

"పో అయితే. నీకు చీమ కుట్టినట్టు కూడా లేదు." అయ్యగారు ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

నిదానం షెడ్డు పక్కనున్న తన గది ఊడ్చాడు. భార్య పోయి ఆరేళ్లు. సర్దుకోవలసింది ఒక సంచికి సరిపోయింది. పొలం పనికని అయ్యగారు కొనిచ్చినవి తీసుకెళ్లడం పద్ధతి కాదనిపించి, ఒక్కొక్కటీ కడిగి బయట పెట్టాడు. అమ్మగారు తోటికోడలి ఇంటికి వెళ్లింది. ఆమెకు చెప్పకుండా వెళ్లవలసి వచ్చినందుకు ఏడుపొచ్చింది. చెప్పులు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, బస్సు ఆగే మలుపు వైపు నడిచాడు.

కిటికీలోంచి అయ్యగారు చూస్తూనే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమో, మనసు మార్చుకుంటాడేమో అని చూశాడు. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు త్వరగా రమ్మని చేతులు ఊపాడు. నిదానం అడుగు వేగం మారలేదు. చూడు, నన్ను వదిలిపోయేటప్పుడు కూడా ఎంత తీరిగ్గా నడుస్తున్నాడో అనుకుని అయ్యగారు పళ్లు కొరికాడు. నిదానం ఎక్కాక బస్సు కదిలిపోయింది.

ఐదున్నరకు మబ్బు పట్టింది. కొత్త బండి ఆరుబయటే ఉంది. "నిదానం, బండి లోపల..." అని అలవాటుగా కేకేసి, అయ్యగారు సగంలో ఆగిపోయాడు. తాళం తీసుకుని తనే వెళ్లాడు. సీటు మీదికి ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. ఎడమ మోకాలు వంచి, పాదం క్లచ్ మీద పెట్టి, కీళ్లు కలుక్కుమనేలా గట్టిగా తొక్కాడు.

తొక్కిన కాలు అలాగే ఉండిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది, ఆయన చూపు తన మోకాలి మీద నిలిచిపోయింది.

"ఒరేయ్," అన్నాడు. తర్వాత పెద్దగా, రోడ్డు వైపు, "ఒరేయ్ నిదానం!" అని అరిచాడు. ఎలా దిగాడో తెలియకుండా దిగి మలుపు దాకా పరిగెత్తాడు. తారు మీద బస్సు చక్రాల మట్టి తప్ప ఏమీ లేదు. ఆయాసంతో షెడ్డు దగ్గరికి తిరిగొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఏ ఊళ్లో ఉంటుందో ఆ చెల్లెలు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

గోడవారన శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పనిబూట్ల జత బోర్లించి ఉంది. కుడి బూటు అడుగున బ్రేకు తొక్కే చోట రబ్బరు అరిగి నున్నబడిపోయింది, ఎడమ బూటు అడుగున క్లచ్ తొక్కే చోట గీతలన్నీ కొన్ననాటి లాగే ఉన్నాయి.