సన్యాసమ్మ సినిమా

బెంగాల్లో ఖిదిర్‌పూర్ కార్పొరేషన్ క్వార్టర్లలో సన్యాసమ్మని అందరూ హీరోయినమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు, మొగుడు పెద్దిరాజు కోతలు కోసి కోసి తెప్పించాడు. పాతికేళ్ల క్రితం నీహార్ బాబు అనే బెంగాలీ డైరెక్టరు, తెల్లారగట్ల వీధులూడ్చే ఆమె మీద ఓ చిన్న సినిమా తీశాడు. కథా లేదు, పాటా లేదు, ఏ హాల్లోనూ ఆడలేదు. ఆడలేదు గనకనే పెద్దిరాజు నోటికి అడ్డు లేకపోయింది. "తెరంతా మా ఆడదాని మొగమే," అనేవాడు కనబడ్డవాడితోనల్లా.

ఇప్పుడు నీహార్ బాబు ముసలివాడయ్యాడు. కొత్త రకం సినిమాకి దారి వేసిన మనిషని ఎర్రజెండా సర్కారు ఆయన పాత సినిమాలన్నీ వరసగా వేయిస్తోంది. ఆ పని చూసేవాళ్లు క్వార్టర్లకి వచ్చి మరీ సన్యాసమ్మని పిలిచారు. పెద్దిరాజు గొంతులో వెలక్కాయ పడింది. ఎందుకంటే ఆ సినిమాలో ఆమె మొహం లేదు. తను ఆఫీసులో బంట్రోతునని తెలుగునాట సొంతూళ్లో చెప్పుకున్న మహానుభావుడు కదా, పెళ్లాం చీపురు పట్టిందని తెలిస్తే పరువు పోతుందని, మొహం మాత్రం తియ్యొద్దు బాబూ అని ఆనాడు డైరెక్టరు కాళ్లు పట్టుకున్నాడు. ఆ సంగతి ఆమెకి ఈనాటికీ తెలియదు.

"మోకాళ్ల నొప్పులతో అంత దూరం ఏటెల్తావు? మానీరాదా," అన్నాడు.

"సచ్చేలోగా నా మొగం నాను సూసుకోవాల," అంది సన్యాసమ్మ. ఉన్న ఒక్క పట్టుచీరా కట్టింది. పక్కింటి అప్పలకొండమ్మని కూడా వెంటబెట్టుకుంది.

తెర మీద కాళ్లు నడిచాయి. చీపురు కదిలింది. దీపం కింద దుమ్ము లేచింది. సన్యాసమ్మ కుర్చీ అంచుకి జరిగి చూస్తోంది.

"ఇంకా రానేదేటి?"

"వస్తాది," అన్నాడు పెద్దిరాజు. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లైట్లు వెలిగాయి. జనం చప్పట్లు కొట్టారు. "అయిపోనాదా?" అంది ఆమె. "కాళ్లు బాగా పడ్డాయే," అంది అప్పలకొండమ్మ, పాపం, ఏం అనాలో తెలియక.

తర్వాత చర్చ. ఓ గడ్డం ఆయన లేచి, కూలివాళ్లకి ఈ లోకంలో మొహం ఉండదని దర్శకుడు గొప్పగా చెప్పాడన్నాడు. పెద్దిరాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ గడ్డానికి మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఈలోగా నీహార్ బాబు మైకు అందుకున్నాడు.

"అంత గొప్ప ఆలోచన నాది కాదు. ఆమె భర్త వద్దన్నాడు, ఊళ్లో పరువు పోతుందని. ఆమెని అడగకుండా ఒప్పేసుకున్నాను. అది నాకు ఇప్పటికీ సిగ్గే."

జనం నవ్వారు. ఏళ్ల తరబడి బెంగాలీలోనే బేరాలాడే సన్యాసమ్మకి ప్రతి ముక్కా అర్థమైంది.

పెద్దిరాజుకి తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"నువ్వా?"

"ఊళ్లో ఏటనుకుంతారోనని..."

"రోజూ రోడ్డు మీద అందరూ సూసిన మొగమే గదా," అంది.

అంతలో ఆమెని వేదిక మీదికి పిలిచారు. పేపరు తరఫున వచ్చిన ఓ అమ్మాయి కెమెరా ఎత్తి, "దీదీ, ఇటు చూడండి," అంది. సన్యాసమ్మ చూడలేదు. కుర్చీల్లో పెద్దిరాజు ఎక్కడున్నాడో వెతికి, చెయ్యి చూపించి, అందరికీ తెలిసేలా బెంగాలీలోనే చెప్పింది.

"ఆయన్ని అడుగు తల్లీ, నా మొహం తియ్యొచ్చో లేదో."

తలలన్నీ అతనివైపు తిరిగాయి. తియ్యండమ్మా అందామనుకున్నాడు. లేచి నిలబడ్డాడు. కెమెరా అమ్మాయి అతని జవాబు కోసం ఆగింది.