చెంప ఆనే చోట

లింబాద్రి తుపాకీని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, దాని మడమ మీద కుడిచేతి బొటనవేలిని నెమ్మదిగా జరుపుతున్నాడు. భుజానికి ఆనించే వెడల్పాటి చెక్కభాగం అది, అక్రోటు చెక్క. బయట అక్బర్ షట్టరు ఎత్తాడు. ఒమాన్‌లోని నిజ్వా ఊరి సూకు బజారులో ఉదయపు ఎండ నేల మీద పాకుతూ వెనకగది గడప దాకా వచ్చింది. లింబాద్రి కళ్లు మూసుకునే ఉన్నాడు. వేలు ఒక చోట ఆగి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చింది. చెక్క నున్నగానే ఉంది.

"అన్నా, మల్ల గదే పట్టుకున్నవా? నిన్ననే అయిపోయిందంటివి గద," అన్నాడు అక్బర్ గుమ్మంలో నిలబడి.

"ఒక్కపారి చూసుకుంటె తప్పేంది తమ్మీ? నీకెట్ల కనవడ్తున్నది? మరక పోయినట్టేనా?"

అక్బర్ దగ్గరికి రాలేదు. గుమ్మంలోంచే మెడ సాచి చూశాడు. "పోయినట్టే ఉన్నది. పొద్దు మీదికొస్తె గాని తెల్వది," అని గల్లా వైపు వెళ్లిపోయాడు.

మెట్‌పల్లి అక్బర్ ఆ దుకాణంలో లెక్కలూ బేరాలూ చూస్తాడు. భీంగల్ దగ్గరి పల్లెలో వడ్రంగుల ఇంట పుట్టిన వడ్ల లింబాద్రి వెనకగదిలో కొత్త తుపాకుల మీది మచ్చలు తీస్తాడు. కొత్త తుపాకికి మచ్చలేమిటని ఎవరైనా అడుగుతారు. ఫ్యాక్టరీ నుంచి బయలుదేరినప్పుడు అది కొత్తదే. ఓడలోనూ లారీలోనూ ఎత్తి పడేసే చేతుల్లోనూ నెలన్నర తిరిగి నిజ్వా చేరేసరికి పెట్టెలో ఆరుంటే నాలుగింటికి ఏదో ఒక నొక్కో గీతో ఉంటుంది. కాల్చడానికి దానివల్ల వచ్చిన ఇబ్బందేమీ లేదు. కానీ లైసెన్సు తెచ్చుకుని, పెళ్లికో పండక్కో భుజాన వేసుకుని నలుగురిలో నిలబడాలనుకునే మనిషి కాల్చి చూడడు, ఎండలోకి తీసుకెళ్లి తిప్పి చూస్తాడు. వెంట్రుకంత గీత కనిపిస్తే గల్లా మీద పెట్టేసి వెళ్లిపోతాడు. అదే మనిషి ఇంట్లో తాతలనాటి తుపాకి నిండా సొట్టలే ఉంటాయి. దాన్ని మాత్రం బంగారమిచ్చినా వదలడు. కొన్నది మచ్చ లేకుండా ఉండాలి, తాత ఇచ్చింది ఎలా ఉన్నా ఫరవాలేదు. ఈ న్యాయం లింబాద్రికి పద్నాలుగేళ్లయినా నవ్వు తెప్పిస్తూనే ఉంది.

మొదట్లో అతను మస్కట్ దగ్గరి సీబ్‌లో విల్లాలకు తలుపులు బిగించే కంపెనీలో ఉండేవాడు. ఒక తలుపు మీద సుత్తి దెబ్బను తడిగుడ్డా ఇస్త్రీపెట్టే పెట్టి ఆవిరితో పైకి లేపడం ఈ తుపాకుల దుకాణం యజమాని, అందరూ అర్బాబ్ అని పిలిచే ఆయన, చూశాడు. మరునెల కాగితాలు మార్పించి తన దుకాణానికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచీ ఇదే గది, ఇదే ముక్కాలి పీట, ఇదే లక్క పాలిష్ వాసన. మనిషి పొట్టి. మెడ ముందుకు వంగిపోయింది. గోళ్లు ఎంత తోమినా ఎర్రగానే ఉంటాయి. కుడి బొటనవేలి మీద అడ్డంగా ఒక పాత గంటు ఉంది, పన్నెండేళ్లప్పుడు ఉలి జారి పడింది.

అతను కళ్లు మూసుకుని పనిచేస్తాడని సూకంతా పేరు. అర్బాబ్ కొనేవాళ్లను గుమ్మం దాకా తీసుకొచ్చి గర్వంగా చూపించేవాడు. అసలు సంగతి అర్బాబ్‌కు తెలియదు. మూడేళ్లుగా లింబాద్రి కళ్లకు పొర కమ్మింది. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. కళ్లు తెరిచినా మూసినా పనికి ఒకటే గనక, మూసుకుంటే గొప్పగా ఉంటుందని మూసుకున్నాడు. డాక్టరు దగ్గరికి పోతే సెలవడగాలి, అడిగితే కారణం చెప్పాలి. చెబితే చూపు లేనివాడిని మచ్చలు తీసే పనిలో ఎవరు ఉంచుకుంటారు? ఊళ్లో ఇప్పుడు రెడీమేడ్ తలుపులే. భార్య లస్మవ్వ బీడీలు చుడుతుంటే పక్కన ఊరికే కూర్చోవడం అతనికి చావుకంటే భయం.

ఇప్పటి చిక్కంతా ఈ ఒక్క తుపాకితో వచ్చింది. పెట్టె విప్పినప్పుడు మడమ మీద, కాల్చేవాడి చెంప ఆనే చోట, లోతైన నొక్కు ఉంది. ఆవిరి పెట్టి లేపాడు, పాలిష్ పట్టించాడు, అమ్ముడుపోయింది. రెండు రోజులకు కొన్నవాడు తిరిగొచ్చాడు. చెంప చోట ఖర్జూరం గింజంత నల్లటి మరక తేలిందన్నాడు. లింబాద్రి తడిమి చూశాడు, వేలికి ఏమీ తగల్లేదు. అయినా పాలిషంతా గీకి మళ్లీ పట్టించాడు. రెండోవాడు తెచ్చినప్పుడు మరక పెద్దదైందన్నారు. మూడోవాడు తుపాకీని గల్లా మీద పెట్టి, చేతులు తన పొడుగు దిష్‌దాషా అంగీకి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి అక్బర్ దాన్ని గోడవైపు తిప్పి పెడుతున్నాడు.

"నేను ఇటు జరిగితె అది గూడ ఇటు జరిగినట్టు కనవడ్తదన్నా," అన్నాడు ఒకరోజు. లింబాద్రి కోప్పడ్డాడు. కోప్పడ్డాడే గానీ, అందరికీ కనిపించేది తన వేలికి తగలకపోవడం అతన్ని లోపల్లోపల వణికించింది. పద్నాలుగేళ్లలో ఆ వేలు ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు.

పది దాటాక కొండ మీది ఊరినుంచి ఒక ముసలాయన వచ్చాడు. తెల్లగడ్డం, చేతిలో సన్నటి బెత్తం. ఎల్లుండి మనవడి పెళ్లి, మనవడి భుజాన కొత్త తుపాకి ఉండాలట. కొట్లో అమ్మడానికి మిగిలిన కొత్తది అదొక్కటే. అక్బర్ దాన్ని తెచ్చి అందించాడు. ముసలాయన వాకిట్లోకి తీసుకెళ్లి ఎండకు తిప్పాడు. మరక మళ్లీ తేలి ఉంది. చాలాసేపు చూశాడు. లోపలికొచ్చి పాలిష్ పట్టినవాడిని పిలవమన్నాడు.

లింబాద్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ముసలాయన అతని కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలిని వెలుగులో తిప్పి చూసి, తీసుకెళ్లి చెంప ఆనే చోట ఆనించాడు. వేలు మరక మీద సరిగ్గా కూర్చుంది.

"యా అల్లా," అన్నాడు అక్బర్. వేలు తీశాక వంగి చూశాడు. మరకలో వేలి గీతలున్నాయి. వాటికి అడ్డంగా ఉలి గంటు కూడా ఉంది.

లింబాద్రికి అప్పుడర్థమైంది. నొక్కు పూర్తిగా లేచిందో లేదోనని, చూపు ఆనక, పాలిష్ ఆరకముందే అక్కడ వేలు ఒత్తుతూ వచ్చాడు. పచ్చి లక్కలో చెమట దిగింది. వేలికి తెలిసేది ఎత్తూ పల్లమూ, రంగు కాదు. తుపాకి తిరిగొచ్చిన ప్రతిసారీ భయం పెరిగి ఇంకాస్త గట్టిగా ఒత్తాడు. ఇన్నాళ్లూ తన మచ్చను తానే తీసి తానే పెట్టాడు. సిగ్గుతో అతని మెడ ఇంకా వంగిపోయింది.

గల్లా పక్కనుంచి ఇదంతా చూస్తున్న అర్బాబ్ కుర్చీలోంచి లేచి ఎదురుగా వచ్చి చెయ్యెత్తాడు.

"ఎన్ని వేళ్లు అని అడుగుతుండన్నా," అన్నాడు అక్బర్ చిన్నగా.

"మూడు," అన్నాడు లింబాద్రి.

అర్బాబ్ చూపించింది పిడికిలి. అతను దాన్ని దించేశాడు. తర్వాత అరబ్బీలో అక్బర్‌తో నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పాడు. ముసలాయన తల ఊపి, బెత్తం తీసుకుని వెళ్లిపోయాడు.

"ఆ ముసలి షేక్ పొద్దుగూకే యాల్లకు అస్తడట. సాఫ్‌గ ఉంటె తీస్కుంటడట. అర్బాబ్ గూడ గదే అంటుండు. సాఫ్‌గ ఉంటె ఈడ్నే ఉండు, దవాఖానకు తానే తోల్కపోతడట. లేకుంటె..."

"లేకుంటె టికెట్."

"ఊఁ."

మధ్యాహ్నం ఒంటిగంటకు సూకంతా మూతబడింది. అన్నం తినడానికి రూముకు రమ్మని అక్బర్ పిలిస్తే లింబాద్రి రానన్నాడు. పాలిష్ గీకేశాడు. గరుకు కాగితంతో చెక్కను తెల్లబడేదాకా రుద్దాడు. దూది ఉండతో కొత్త లక్క పల్చగా ఎక్కించి, తుపాకీని కొక్కేనికి తీగతో వేలాడదీశాడు.

"ఇగ ముట్టుకోనంటె ముట్టుకోను. నా చేతులు కట్టెయ్యి తమ్మీ," అన్నాడు.

"మజాక్ చేస్తున్నవా?"

"లేదు. అవి నా మాట ఇనయి."

అక్బర్ పాత బనీను చింపి రెండు చేతులకూ చుట్టాడు. వేళ్లన్నీ లోపలే ఉండేలా మణికట్ల దగ్గర బిగించి ముడి వేశాడు. వేస్తుంటే లింబాద్రి తన కళ్ల సంగతంతా చెప్పాడు.

"మూడేండ్లా అన్నా! నాకన్న చెప్పకపోతివి."

"చెప్తె నువ్వు గూడ నా పనిని ఎంచి చూద్దువు. ఇన్నొద్దులు ఎవలు ఎంచకుండ బతికిన తమ్మీ, గదొక్కటే ఉన్నది నాకు."

అక్బర్ ముడి మరోసారి లాగి చూశాడు. గ్లాసుతో నీళ్లు తాగించాడు. లోపల తుపాకులు ఉన్నప్పుడు షట్టరుకు బయటినుంచి తాళం పడాలి, అది అర్బాబ్ నియమం. తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని రూముకు వెళ్లాడు.

వెనకగదిలో చప్పుడు లేదు. లింబాద్రి పీట మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. ఎదురుగా రెండు బారల దూరంలో పొడుగాటి నల్లటి ఆకారం వేలాడుతోంది. గాలి లేకపోయినా అది కొద్దిగా తిరుగుతున్నట్టనిపించింది. నొక్కు మళ్లీ దిగిందేమో. గీకినప్పుడు పొర ఎత్తుపల్లాలుగా మిగిలిందేమో. లేచి ఒక్కసారి, ఒక్కసారే, తడిమితే తెలిసిపోతుంది. గుడ్డ కట్ల లోపల బొటనవేలు కదిలింది. చేతులను తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. ఎడమ భుజంలో ఏదో లాగినట్టయింది. చెమట కళ్లల్లోకి కారింది. అతను కళ్లు మూసుకోకుండా తుపాకి వైపే చూస్తూ ఉండిపోయాడు, చేతులు కదలనివ్వకూడదన్న ఒక్క పట్టుదలతో.

నాలుగింటికి అక్బర్ తాళం తీశాడు. "అన్నా" అని రెండుసార్లు పిలిచాడు. లింబాద్రి అలాగే గోడకానుకుని, చేతులు తొడల కింద ఉంచుకుని, కళ్లు తెరిచి ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది. ఆసుపత్రినుంచి వచ్చిన మనిషి గుండె ఆగిందనీ, గంటన్నర దాటి ఉంటుందనీ చెప్పాడు.

చేతుల కట్లు అక్బరే విప్పాడు. తాను వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి. పళ్లతో లాగి విప్పాల్సి వచ్చింది. లోపల వేళ్లు చెమటకు తెల్లగా నాని ఉన్నాయి. బొటనవేలికి పాలిష్ చుక్క కూడా లేదు. అది చూసి అక్బర్ కుడిచేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. మాట నిలబెట్టుకుంటివి గదన్నా, అనుకున్నాడు.

అప్పుడు తలెత్తి కొక్కెం వైపు చూశాడు.

పొద్దుగూకే వేళకు ముసలాయన వచ్చాడు. చనిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లారని విని ప్రార్థన చదివాడు. అర్బాబ్ ఆయన్ను వెనకగదిలోకి తీసుకెళ్లి దీపం ఎత్తి చూపించాడు. అద్దంలా మెరుస్తున్న మడమ మీద ఎక్కడా గీత లేదు, నొక్కు లేదు. చెంప ఆనే చోట మాత్రం ఒక బొటనవేలి ముద్ర ఉంది. దానికి అడ్డంగా గంటు ఉంది. ముసలాయన వంగి చూసి, ఒకడుగు వెనక్కి వేసి మాట్లాడాడు. ఆ మాటలు అక్బర్ భీంగల్‌కు ఫోను చేసినప్పుడు లస్మవ్వకు తెలుగులో చెప్పాడు.

"కొత్తది గావాలె అని అచ్చిన, ఇది అప్పుడే ఒకలది అయిపోయింది అన్నడమ్మా."

పదకొండో రోజున లింబాద్రి ప్లైవుడ్ పెట్టెలో బయలుదేరాడు. మస్కట్ కార్గో ఆఫీసులో అక్బర్ దాని మీద అరచెయ్యి వేస్తే ముల్లు గుచ్చుకుంది. అన్ని వైపులా గరుకే. అన్న దీన్ని చూసి ఉంటే ఊరుకునేవాడు కాదని, అక్కడే నిలబడి ఒక మూలను తన రుమాలుతో రుద్దాడు.

వెనకగదిలోకి తర్వాత ఎవరినీ పెట్టలేదు. గీతలూ మచ్చలూ అలాగే ఉంచి తుపాకులు కొంత తక్కువకు అమ్ముడుపోతున్నాయి. అదొక్కటి మాత్రం తీగకు అలాగే వేలాడుతోంది. గంటలో ఆరాల్సిన లక్క, ముద్ర పడిన చోట, ఇంకా తడిగానే మెరుస్తోంది.