స్టాఫ్‌రూము మేడమ్

మా ఆయన చిదంబరం నన్ను ఇద్దరు మనుషులుగా చూస్తున్నారని నాకు తెలిసింది, ఒక బ్యాంకు ఫోను పుణ్యమా అని.

ఇద్దరం కర్ణాటకలో చింతామణిలో ఒకే డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాం. ఆయన లెక్కలు, నేను ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు, కాలేజీ గేటు దాటితే కన్నడం. కట్టుకున్న భార్యను స్టాఫ్‌రూములో "మేడమ్" అని పిలిచేవారు. పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నా ఆ మర్యాద వదల్లేదు.

రెండేళ్ళ కింద ఆయనకు మతిమరుపు పట్టుకుంది. తాళంచెవులతో మొదలై మనుషుల దాకా వచ్చింది. చిక్కబళ్ళాపురంలో డాక్టరు స్కాన్ చూసి, ఇంకో ఏడాదికి మాటలు కూడా పోవచ్చన్నాడు. అంత తాపీగా ఎలా చెప్పగలిగాడో! నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత ఒకరోజు బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. కన్నడంలో మాట్లాడి పెట్టేసి, అదే ఊపులో ఈయన వైపు తిరిగి కన్నడంలోనే ఏదో అడిగాను. కుర్చీలో వాలిపోయి ఉన్న మనిషి లేచి నిలబడ్డారు. కాలరు గుండీ పెట్టుకున్నారు. "నమస్కార మేడమ్, బన్ని" అంటూ రమ్మని నాకు కుర్చీ చూపించారు. నేను ఎవరో పైమనిషినైనట్టు.

తెలుగులో పలకరిస్తే నేను అంబుజాక్షిని. కన్నడంలో పలకరిస్తే ఇంగ్లీషు మేడమ్‌ని. ఒకరికి ఇంకొకరితో సంబంధం లేదు. విచిత్రం ఏమిటంటే, తెలుగులో మాటమాటకూ తడుముకునే మనిషి కన్నడంలోకి రాగానే పాతికేళ్ళు వెనక్కి పోయి గడగడా మాట్లాడేవారు. ఆయన కన్నడాన్ని నేనిక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

మధ్యాహ్నాలు నేను మేడమ్‌గా పోయి కూర్చునేదాన్ని. ఆయన ఒళ్ళో ప్లాస్టరు బొమ్మ ఒకటి ఉండేది. బాగేపల్లిలో వినాయకులు చేసే పిళ్ళప్ప చేత ఎప్పుడో పోయించుకున్నది. "ఇది యా దేవుడు సార్?" అని అతను అడిగితే, "సమీకరణం దేవుడప్పా" అన్నారట. మూడో ఘాతపు సమీకరణం ఒకటి ఆకారం కడితే అలా ఉంటుంది. దాన్ని బీజీయ తలం అంటారు. ఎటు చూసినా వంపులే, గుంతలే. కానీ ఆయన ఎర్ర సిరాతో గీసిన చోట స్కేలు పెడితే సందు లేకుండా అతుక్కుంటుంది.

"ఒళ్ళంతా వంకరే మేడమ్. అందులో తిన్నని గీతలు ఇరవై ఏడు. ఇరవై ఎనిమిదోది కావాలన్నా దొరకదు," అని మురిసిపోయేవారు.

ఆ మేడమ్ మీద నాకు అసూయ పుట్టింది. చెప్పుకోడానికి సిగ్గు లేదు. తెలుగులో నాకు రోజుకు పది మాటలు దక్కుతుంటే, ఆమెకు గంటలకొద్దీ కబుర్లు.

మా అమ్మాయి మైత్రేయి నా కడుపులో ఉండగా, ఐదో నెలలో ఆయనకు బెంగళూరులో రీసెర్చి సీటు వచ్చింది. ఈ తలాల మీదే. మూడేళ్ళు అక్కడే ఉండాలి. "నన్ను ఈడ ఇడిసిపెట్టి పోతారా?" అన్నాను. ఒక్క మాటే. ఆయన ఉత్తరం మడిచి కవరులో పెట్టేశారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనూ అడగలేదు, భయపడి.

నేను ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం ఇంగ్లీషు కథానిక చరిత్ర. మొదట్లో పత్రికలకు రాసినవాళ్ళు చాలామంది ఆఖర్న గుట్టు విప్పేవారు. తర్వాత వచ్చినవాళ్ళు విప్పకుండానే ఆపేశారు. "ఒక పేజీ చినిగిపోయిందా మేడమ్?" అని పిల్లలు గొణిగేవాళ్ళు. అదేనర్రా గొప్ప అని దబాయించేదాన్ని. నా సొంత కథ దగ్గరికి వచ్చేసరికి ఆ గొప్ప నాకు అక్కర్లేదనిపించింది. నా కోసం ఆగిపోయినందుకు ఆయన బాధపడ్డారా లేదా? మాటలు పోయేలోగా తెలియాలి. భార్యగా అడిగితే నిజం చెప్పరు. మేడమ్‌కు చెప్పొచ్చు.

ఒక గురువారం కన్నడంలో అడిగేశాను. "సార్, అప్పట్లో మీకు బెంగళూరులో సీటు వచ్చిందట కదా?"

గీత మీద పోతున్న వేలు ఆగింది. "వచ్చింది మేడమ్. వెళ్ళలేదు."

"బాధ లేదా?"

"లేకేం? సుద్దముక్క పట్టుకున్న ప్రతిరోజూ ఉంది," అన్నారు. గొంతు తగ్గించారు. "నాలుగో ఘాతపు తలాల మీద నాకొక ఆలోచన ఉండేది. సగం దాకా చేశాను. ఎనిమిదేళ్ళ తర్వాత పేపర్లు దిద్దడానికి బెంగళూరు వెళ్ళి, అక్కడి లైబ్రరీలో చూస్తే ఎవరో పూర్తిచేసి అచ్చు వేయించారు. మొదటి మెట్టు అచ్చంగా నాదే. ఇంటికొచ్చి జ్వరమని పడుకున్నాను."

ఆ జ్వరం నాకు గుర్తుంది. బెంగళూరులో తిన్న హాస్టలు తిండిని తిట్టిపోస్తూ రెండురోజులు మిరియాల చారు పెట్టాను. నుదురు ముట్టుకుంటే చల్లగానే ఉండింది. లోజ్వరం కాబోలనుకున్నాను.

"మా ఇంట్లో ఆవిడకు ఇది తెలియదు మేడమ్. తెలిస్తే తన వల్లే అని కుమిలిపోతుంది. దయచేసి చెప్పొద్దు."

"చెప్పను సార్," అన్నాను.

వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, దాని చప్పుడులో ఏడ్చాను. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకునే నోరా నాది? మొహం తుడుచుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని, ఈసారి తెలుగులో అడిగాను.

"ఏమండీ, ఆ బెంగళూరు సీటు వద్దనుకుంటిరే, మనసులో బాధ ఉండాదా?"

ఆయన భుజాలు వాలిపోయాయి. నన్ను చాలాసేపు చూశారు. నా పేరు కోసం వెతుక్కుంటున్నారని తెలుస్తూనే ఉంది. పెదాలు కదిలాయి గాని దొరకలేదు. అయినా నా చెయ్యి పట్టుకున్నారు.

"బాధేంటికి? నాకే... పోబుద్ధి కాలేదు. నువ్వేం చేసినావు?"

నా పేరు పోయింది. ముప్పై ఏళ్ళుగా నా కోసం దాచిన అబద్ధం మాత్రం ఆయన దగ్గర భద్రంగా ఉంది. "సరేలెండి" అని ఆ చెయ్యి నిమిరాను.

మరుసటి రోజు నుంచి ఆయనతో కన్నడం మాట్లాడటం మానేశాను. ఆ మేడమ్‌ను ఇంక ఇంట్లోకి రానివ్వదలచుకోలేదు. ఆయన ఆమెను నమ్మి ఒక్కటే అడిగారు. చెప్పనని మాటిచ్చి, ఆమె ఆయన భార్యకు చెప్పేసింది. ఇప్పుడు మా ఇద్దరికీ రోజుకు ఆ పది మాటలే మిగిలాయి, అవీ తగ్గిపోతున్నాయి.