గోడ మీది తారీఖులు

వెనక చక్రానికి గాలి కొట్టడం పూర్తి చేసి మత్స్యలింగం టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. ఈ రోజు ఇద్దరి బరువు మొయ్యాలి. మరో పది పోట్లు కొట్టి, గోనెసంచిని నాలుగు మడతలు చేసి కేరియర్ మీద వేసి, పాత ట్యూబు ముక్కతో గట్టిగా కట్టాడు. పొడుగ్గా, సన్నగా ఉండే మనిషి. మెడ వెనక చర్మం ఎండకు కమిలి గీతలు పడింది. ఇరవై ఆరేళ్ళు పెడలు తొక్కిన పిక్కలు మాత్రం ఆ సన్నటి శరీరానివి కావన్నట్టు గట్టిగా, గుండ్రంగా ఉంటాయి.

అతను మలేరియా శాఖలో వర్కరు. పదిహేను రోజులకోసారి కొండ ఊళ్ళలో ప్రతి గడపా తొక్కి, జ్వరం ఉన్నవాళ్ళ వేలికొస సూదితో పొడిచి, గాజు పలక మీద రక్తం చుక్క పట్టి, చేదు మాత్రలు మింగించి, వచ్చినట్టు గుర్తుగా గుమ్మం పక్క గోడ మీద తారీఖు వేసి వస్తాడు. ఉద్యోగమంతా అంతే. వయసు యాభై అయిదు దాటినవాళ్ళందరూ ఆ ఫిబ్రవరి నెలాఖరుకి దిగిపోవాలని సర్కారు ఉత్తర్వు వచ్చింది. రేపు సోమవారం ఆఫీసులో సామాను అప్పజెప్పేస్తే అయిపోయినట్టే.

భార్య సింహాద్రమ్మ అతని ఉద్యోగాన్ని ఎప్పుడూ పెద్దగా లెక్కచెయ్యలేదు. నర్సీపట్నంలో వాళ్ళ వీధిలో టీచర్లు, గుమస్తాలు ఉన్నారు. మీ ఆయనదేం పని అని ఎవరైనా అడిగితే, ఏదో దోమల ఆఫీసు అని చెప్పి మాట మార్చేది. మత్స్యలింగం దానికి నొచ్చుకోలేదు. కానీ ఉత్తర్వు చేతికి వచ్చిన రోజు నుంచి అతనికి ఒక కోరిక పుట్టింది. తను ఇన్నేళ్ళు ఏం చేశాడో ఆవిడ ఒక్కసారి కళ్ళారా చూడాలి. చూసి, ఇంతేనా అని నవ్వేస్తుందేమోనన్న భయమూ దాని వెంటే పుట్టింది. నాలుగు రోజులు నానబెట్టి, తను తిరిగే కొండ ఊళ్ళలో ఒకటైన పనసలొద్ది దాకా వెళ్ళొద్దామని శనివారం మెల్లగా అడిగాడు. ఆవిడ అతని మొహం వంక చూసి, పులిహోర కలిపితే చాలునా అంది.

తెల్లవారకముందే బయల్దేరారు. కొయ్యూరు వెళ్ళే రోడ్డు మీద మంచు ఇంకా విడలేదు. జీడిమామిడి తోటలు పూతకొచ్చాయి. సింహాద్రమ్మ ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేత్తో పులిహోర కేరేజీ ఒళ్ళో పెట్టుకుని, ఒక పక్కకి కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో సినిమాకి తప్ప ఆ సైకిలెక్కి ఎరగదు.

"దోమకీ మీకూ తేడా ఏటండీ? అదీ పొడిసి రగతం తీస్తాది. మీరూ పొడిసే తీస్తారు," అంది.

"దోమకి పింఛనివ్వరు," అన్నాడు మత్స్యలింగం వెనక్కి తిరక్కుండానే.

వెనక నుంచి నవ్వు వినిపించింది. అతని కాళ్ళకు బలం వచ్చింది.

గొలుగొండ దగ్గర చెరకు బండి తోలుకొస్తున్న లచ్చన్న ఎదురయ్యాడు. దారిలో తరచూ కనబడే మనిషి. బండి ఆపి, కళ్ళు చికిలించి చూశాడు.

"ఏం బావా, కొత్త పెళ్ళికూతుర్ని తీసుకెల్తన్నావా?"

"పాత పెళ్ళికూతుర్నే అన్నా. మంచులో కొత్తగా అవుపిస్తన్నాను," అంది సింహాద్రమ్మ.

లచ్చన్న నవ్వుతూ రెండు చెరకు గడలు లాగి ఇచ్చాడు. వాటిని సైకిలు ముందు కడ్డీకి కట్టుకుని సాగారు.

ఆ తర్వాత మెట్ట మొదలైంది, అంతా ఎక్కుడే. ఎర్ర మట్టి దారి, గులకరాళ్ళు. ఇక్కడ దిగాలని చెప్పాడు. అతను హేండిలు పట్టుకుని తోస్తుంటే, ఆవిడ కొంగు బిగించి వెనక నుంచి కేరియర్ నెట్టింది. వంపు దగ్గర ఆగారు. ఇక్కడ నీళ్ళు తాగుతానని, ఆ బండ మీద రెండు నిమిషాలు కూర్చుంటానని, వానాకాలంలో ఈ గెడ్డ పొంగితే సైకిలు భుజాన వేసుకుని దాటుతానని ఒక్కొక్కటే చెప్పాడు. చెప్పేటప్పుడు ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ మాత్రం బండనీ, గెడ్డనీ, అతని భుజాన్నీ మార్చి మార్చి చూసింది.

పనసలొద్దిలో పాతిక ఇళ్ళు. సైకిలు గంట వినగానే పిల్లలు అలవాటుగా వేళ్ళు వెనక్కి దాచుకున్నారు. సూది లేదని రెండు చేతులూ చూపిస్తే గాని దగ్గరికి రాలేదు. మొదటి ఇల్లు తలుపులమ్మది. అరవై దాటిన మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు. చాప పరిచింది.

సింహాద్రమ్మ కూర్చోలేదు. గుమ్మం పక్క గోడ దగ్గర నిలబడిపోయింది.

గోడంతా ఎర్రమట్టితో నున్నగా అలికి ఉంది. ఒక్కచోట మాత్రం, చాప వెడల్పున, అలకకుండా వదిలేశారు. అందులో బారులు బారులుగా తారీఖులు. పండగ పండగకీ చుట్టూ మట్టి పొర మీద పొర పెరిగి, ఆ చోటు లోతుగా దిగిపోయింది. పై వరసలు వేలు లోతున ఉన్నాయి. తర్వాత రాసిన కింది వరసలకి వచ్చేసరికి మెట్లు మెట్లుగా పైకి తేలాయి. అన్నీ ఒకే చేతిరాత. ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత పెట్టే అలవాటు ఇంట్లో పాల కార్డు మీద ఆవిడ రోజూ చూసేదే.

"అలకరా ఇక్కడ?" అంది.

"అలికితే జొరం వస్తాది కదమ్మా," అంది తలుపులమ్మ.

మత్స్యలింగం ఇబ్బందిగా కదిలాడు. అది తను వచ్చినట్టు గుర్తే తప్ప రక్షరేకు కాదని మొదటి అయిదేళ్ళూ చెప్పి చూశాడట. వాళ్ళు బుద్ధిగా తలూపి, మళ్ళీ పండక్కి దాన్ని తప్పించే అలికేవారట. తర్వాత చెప్పడం మానేశాడు. ఆ గోడ మీద రాత మొదలుకాక ముందు తలుపులమ్మ ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. మొదలయ్యాక ఎవరూ పోలేదు. ఆ లెక్క ముందు అతని మాట నిలబడలేదు.

సింహాద్రమ్మ వేలితో వరసలు తడుముతూ వచ్చి ఒకచోట ఆగింది. డెబ్భై ఒకటిలో రెండు తారీఖులకు మధ్య అరచేయంత మేర ఖాళీ ఉంది.

"ఇక్కడ రాయలేదేటండీ?"

అతనికంటే ముందు తలుపులమ్మే చెప్పింది. "ఆ రెండు నెల్లూ బాబు రానేదమ్మా. ఇంటికాడ నీకు పెద్ద జబ్బంట, బతకవన్నారంట. ఊరోలం గెంగాలమ్మకి కోడిని మొక్కుకున్నాం. రాసుకోడానికి బాబొస్తాడని ఆ చోటొదిలేసినాం. రాని రోజులు రాయనని బాబు కిందనే ఏసినాడు."

సింహాద్రమ్మ వేలు ఆ ఖాళీ మీదే ఉండిపోయింది. ఆ ఏడు తనకి టైఫాయిడ్ వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద ఈయన కూర్చుని ఉండడం లీలగా గుర్తుంది. తను ఎప్పుడూ చూడని ఊరు తన కోసం కోడిని కోసిందని మాత్రం ఇవాళే తెలిసింది.

"నాకు సెప్పలేదేం?"

"నువ్వు నవ్వుతావని," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. పెన్సిలు ఇమ్మంది. ఇవాళ ఆదివారం, డ్యూటీ కాదు, రాయకూడదన్నాడు. మీరు రాయొద్దులెండి అని అతని జేబులోంచి తనే తీసుకుంది. చివరి వరస కింద, వంకరగా, మెల్లగా, 27-2-83 అని వేసింది. తలుపులమ్మ దగ్గరికొచ్చి చూసి, ఈ రాత కొంచెం వంకర పోనాదంది. "జొరం కూడా వంకరగానే పోతాదిలే అక్కా," అంది సింహాద్రమ్మ.

పులిహోర అందరూ తలో పిడికెడు తిన్నారు.

తిరుగు దారి దిగుడు. ఇద్దరి బరువుకి బ్రేకులు ఆగవు. అక్కడి వాళ్ళు చేసేట్టే, మత్స్యలింగం ఆకులున్న పెద్ద కొమ్మ ఒకటి విరిచి తాడుతో కేరియర్‌కి కట్టాడు. కొమ్మ నేలను రాసుకుంటూ, సైకిలును వెనక్కి పట్టి లాగుతూ, ఎర్ర దుమ్ము రేపుతూ వచ్చింది. సింహాద్రమ్మ సీటు వదిలి అతని నడుం పట్టుకుంది. బేగి పోనీయండి అంది. ఇలాగే బావుందన్నాడు. చదునుకి వచ్చాక కూడా కొమ్మ విప్పడం కాసేపు మరిచిపోయాడు.

ఆ ఏడు శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి వీధి గదిలో నడుం వాల్చిన మనిషి మరి లేవలేదు. విసనకర్ర చేతిలోనే ఉంది. పక్కింటి శ్యామలాంబగారు వచ్చేసరికి సింహాద్రమ్మ అతని పాదాల దగ్గర కూర్చుని ఉంది.

పదకొండో నాడు వీధిలోకి కొత్తగా వచ్చిన ఒకావిడ పలకరించడానికి వచ్చి, ఆయనదేం ఉద్యోగమని అడిగింది. సింహాద్రమ్మ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. గొలుగొండ దాటాక మెట్ట వస్తుంది, అక్కడ సైకిలు దిగి తొయ్యాలి, వంపులో ఒక బండ ఉంటుంది, అక్కడ నీళ్ళు తాగాలి, వానల్లో గెడ్డ పొంగితే సైకిలు భుజానికెత్తుకోవాలి. అంతా చెప్పింది. అంత దూరం సంగతులు మీకెలా తెలుసని ఆవిడ అడిగింది.

"నాను సూసొచ్చినాను," అంది సింహాద్రమ్మ.

ఆవిడ వెళ్ళిపోయాక లేచి వీధి గది తుడిచింది. ఫేంటు చైనులో పడకుండా అతను చీలమండలకు పెట్టుకునే ఇనుప క్లిప్పులు రెండూ కిటికీ చువ్వకు తగిలించి ఉన్నాయి, ఒకటి కొంచెం ఎక్కువ సాగి, రెండూ గుండ్రంగా, లోపల కాలున్నట్టే.