రీసెట్ మీద వేలు

అక్క చూపు మొదట చేతి గాజంత ఉండేది. గాజులోంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంతే. చుట్టూ మిగిలినదంతా పొగ. రెండేళ్ళకు అది ఉంగరమంత అయింది. ఇప్పుడు చొక్కా కాజా అంత మిగిలింది. ఈ కొలతలు కంటి డాక్టరమ్మ చెప్పినవి కావు, అక్క చెప్పినవే. బట్టలు కుట్టే మనిషి కదా, దేన్నయినా చేతికందే వస్తువులతోనే కొలుస్తుంది.

"ఈ కాజా కూడా కుట్టేయడానికి ఎన్నాళ్ళుంది డాక్టరమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ, అక్క వెంట వచ్చిన తమ్ముడి వైపు చూసింది.

"వాణ్ణి కాదు, నన్ను చూసి చెప్పండి. కళ్ళే కదా పోయేది, చెవులు బాగానే ఉన్నాయి."

"నాలుగు నెలలమ్మా. ఐదు కావచ్చు."

బయటికొచ్చాక మెట్ల దగ్గర తమ్ముడి భుజం పట్టుకుని అక్క ఒకే ఒక్క కోరిక చెప్పింది. ఏ సముద్రమో, ఏ కొండలో చూడాలంటుందనుకున్నాడు అతను. "చిన్నప్పుడు టీవీలో ఆడేవాళ్ళం చూడు, గంట బురుజు ఆట. దాని చివర చూడాలిరా. ఆ ఆఖరి తలుపు వెనకాల ఏముందో చూసేస్తే, తరవాత మూసుకుంటే మూసుకోనీ," అంది.

తమ్ముడు మెట్టు మీద ఆగిపోయాడు. ఆ చివర ఆమె చూడకపోవడానికి కారణం తనే. ఆ సంగతి ముప్ఫయ్యేళ్ళుగా తనొక్కడికే తెలుసుననుకుంటున్నాడు.

అప్పుడతనికి తొమ్మిదేళ్ళు, అక్కకు పద్నాలుగు. ఇంట్లో ఒక గేము పెట్టె, ఒక డబ్బా టీవీ, ఒకే క్యాసెట్. ఆడేది అక్క. క్యాసెట్ అడుగున ఉఫ్‌మని ఊది పెట్టడం, ఆట అయ్యాక పెట్టెను ఆపడం తమ్ముడి ఉద్యోగాలు. ఆపడం అనుకున్నంత తేలిక కాదు. ఎక్కడిదాకా ఆడారో ఆ గుర్తు క్యాసెట్ లోపలి చిన్న బిళ్ళ బ్యాటరీ మీద బతుకుతుంది. రీసెట్ బటన్‌ను ఒక వేలితో నొక్కిపట్టి, రెండో చేత్తో పవర్ ఆపాలి. పట్టుకోకుండా ఆపితే ఆ గుర్తు చెరిగిపోవచ్చు. అక్క ఆఖరి తలుపుదాకా చేరి, రేపు చూద్దామని లేచిన సాయంత్రం వీధిలో పిల్లలు బంతి ఆటకు కేకలేశారు. తమ్ముడు పవర్ ఒక్కటే నొక్కి పరుగెత్తాడు. మర్నాడు క్యాసెట్ ఖాళీ. "నిన్న కరెంటు పోయిందక్కా," అన్నాడు. అక్క ఏమీ అనలేదు. తరవాత ఆ క్యాసెట్టే చచ్చిపోయింది.

ఇప్పుడతను లిఫ్టు మెకానిక్. తిన్నగా పని చేసే మనిషని పేరు. అక్క కోరిక విన్న రోజే ఆ ఆటను ఫోన్‌లో ఎక్కించి చేతికిచ్చాడు. ఆమె రెండు నిమిషాలు ఆడి పక్కన పెట్టేసింది.

"వేలు నొక్కాక బొమ్మ దూకడానికి రవ్వంత ఆలస్యమవుతోందిరా. నేనిప్పుడు సగం కళ్ళతో, సగం చేతులతో ఆడాలి. చేతులకి అన్నీ గుర్తున్నాయి. ఇది నా చేతుల్ని వెనక్కి పట్టి లాగుతోంది."

కాబట్టి పాత పెట్టే కావాలి, పాత డబ్బా టీవీయే కావాలి. ఆ రెండూ అటక మీద దొరికాయి, పని చేశాయి కూడా. దొరకనిది క్యాసెట్. ఎక్కడెక్కడో వెతికి రెండు తెప్పించాడు. ఒకదాని మీద బొమ్మ గంట బురుజుది, లోపలున్నది కారు పందేలు. రెండోదాని లోపల తుప్పు తప్ప ఏమీ లేదు.

అప్పుడు చేరాడు ఊదుడు సంఘంలో. చిన్నప్పుడు క్యాసెట్లు ఊదిన వాళ్ళంతా నెరిసిన తలలతో ఫోన్‌లో పెట్టుకున్న గుంపు అది. వాళ్ళందరూ ఒకే వస్తువు కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నారు: కొత్త ఫ్లాష్ క్యాసెట్. చూడటానికి మామూలు క్యాసెట్‌లాగే ఉంటుంది కానీ, లోపల మెమరీ కార్డు పెడితే పాత ఆటలన్నీ అసలు పెట్టె మీదే ఆడతాయి. ఇంతకుముందు వచ్చినవి గంట బురుజును ఆడించలేవు, ఆ క్యాసెట్‌లో వేరే ఎక్కడా లేని చిప్ ఒకటుండేది. ఈ కొత్తది ఆడిస్తుందట. దాన్ని తయారు చేసే పెద్దాయన్ను సంఘంలో అందరూ టంకం తాత అంటారు.

"వచ్చే వారం పంపుతున్నా," అని తాత నాలుగుసార్లు రాశాడు. నాలుగుసార్లూ వారం వచ్చింది, క్యాసెట్ రాలేదు.

"తాతా, నీ వారానికి ఎన్ని రోజులు?" అని ఒకడు రాశాడు.

"మా ఆవిడ ప్రసవానికైనా తొమ్మిది నెలలే పట్టింది," అని ఇంకొకడు.

"తొందరపెట్టకండ్రా, టంకం ఆరకముందే లాగితే ఊడొస్తుంది," అని బటన్ బాబాయ్ అనే ఆయన సర్దిచెప్పేవాడు. లిఫ్టు గుంతలో కూర్చుని, గ్రీజు చేతుల్ని ప్యాంటుకు తుడుచుకుంటూ, తమ్ముడు ఈ మాటలన్నీ చదివేవాడు. అందరూ నవ్వుకుంటున్నారు. వాళ్ళకు ఆలస్యమైతే ఆలస్యమే. తనకు అలా కాదు. ఆ నాలుగు వారాలు సాగి సాగి రెండున్నర నెలలయ్యాయి. అక్క సూదిలో దారం ఎక్కించడం మానేసింది. పొద్దున్నే పనికి వెళ్ళేముందు అతనే ఇరవై సూదులకు దారాలెక్కించి దిండుకు గుచ్చి పోతున్నాడు.

ఆ తరవాత తాత రాయడం కూడా మానేశాడు. తమ్ముడు విడిగా తొమ్మిది మెసేజ్‌లు పెట్టాడు, ఒక్కదానికీ జవాబు లేదు. నీళ్ళలో పడ్డ రాళ్ళకైనా చప్పుడుంటుంది.

చివరికి బటన్ బాబాయ్ జాలిపడి ఒక రహస్యం చెప్పాడు. పరీక్ష కోసం తాత ముందుగా నలుగురికి పంపాడనీ, అందులో ఒకరు లెక్కల ట్యూషన్ మాస్టారనీ. ఉండేది ఇదే ఊళ్ళో.

తమ్ముడు డ్యూటీ బట్టలతోనే వెళ్ళాడు. చిన్న గది, నల్లబల్ల, నేల మీద పదిమంది పిల్లలు భిన్నాలు చేస్తున్నారు. మాస్టారు గుమ్మంలోనే ఆపేశారు.

"ఇవ్వను. అడక్కు. నా చేతికొచ్చి పదిరోజులు కాలేదు."

"ఇమ్మని రాలేదు సార్. అప్పుగా..."

"అప్పిచ్చిన వస్తువు ముఖం మళ్ళీ చూసినవాడున్నాడా? నువ్వు చూశావా?"

తమ్ముడు గాజు నుంచి కాజాదాకా అంతా చెప్పాడు. మాస్టారు సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ విన్నారు. పిల్లలు కూడా లెక్కలాపి విన్నారు.

"మీ ఇల్లెక్కడ?" అన్నారు మాస్టారు. "నీ చేతికివ్వను. నేనే తెచ్చి మీ అక్క చేతిలో పెడతా. ఎలా వాడాలో ఆవిడకే చెప్తా. నువ్వు ఆత్రగాడివి, విరగ్గొడతావు."

అన్నట్టే మర్నాడు, తమ్ముడు పనిలో ఉన్నప్పుడు వచ్చి, క్యాసెట్ పెట్టి, అంతా చూపించి వెళ్ళారు. తమ్ముడు ఇంటికొచ్చేసరికి ముందు గదిలో మిషన్ ఆగి ఉంది, లోపలి గదిలో గంట బురుజు పాట మోగుతోంది. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అక్క టీవీకి జానెడు దూరంలో కూర్చుని, మెడను కోడిపుంజులా అటూ ఇటూ తిప్పుతూ, తెర మీది ముక్కముక్కనూ ఆ కాజాలోంచి ఏరుకుంటోంది.

"వచ్చావా? కూర్చో. పైన గబ్బిలం వస్తే చెప్పు. ఇంకేం మాట్లాడకు."

"ఆపేటప్పుడు నేను..."

"అస్సలు ముట్టుకోకు. ఆపేది నేనే."

పంతొమ్మిది రోజులు ఆడింది. నాలుగింటికే కుట్టు ఆపేసేది. రవికెలు ఆలస్యమయ్యాయని గొడవకొచ్చిన ఒకావిడతో, "మీ రవిక ఎప్పుడైనా కుడతానమ్మా, బురుజు మాత్రం ఇప్పుడే ఎక్కాలి," అంటే ఆవిడ తికమకపడి వెళ్ళిపోయింది. రోజూ రాత్రి వంటకు ముందు అక్కే పెట్టె ఆపేది. తమ్ముడు ఆ సమయానికి బియ్యం కడుగుతూ ఉండేవాడు, ఎలా ఆపుతోందో చూడనే లేదు. చూడాల్సిన పనేముంది? ఆ విద్య తనకంటే బాగా ఎవరికి తెలుసు?

పంతొమ్మిదో రోజు సాయంత్రం అక్క ఆఖరి తలుపు ముందుకు చేరింది. కళ్ళు ఎర్రబడి ధారలు కారుతున్నాయి. కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని తల పట్టుకుంది.

"సేవ్ చేశాను. ఇక నావల్ల కాదురా, అంతా ఈదుకుంటోంది. రేపు ఆదివారం. పొద్దున్నే కళ్ళు తేటగా ఉన్నప్పుడు ఆ తలుపు తెరుస్తాను. నువ్వు ఆపెయ్యి."

తమ్ముడు పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతులు రెండుసార్లు తుడుచుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా అతను ఈ పని కలలో చేస్తూనే ఉన్నాడు. కుడి చూపుడు వేలు రీసెట్ మీద పెట్టి గట్టిగా నొక్కాడు. గోరు తెల్లబడేదాకా నొక్కి పట్టి, ఎడమ చేత్తో పవర్ ఆపాడు. ఎర్ర దీపం ఆరింది. అప్పుడు మెల్లగా వేలు తీశాడు. ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

పొద్దున్నే అక్క తలస్నానం చేసి, కళ్ళలో మందు వేసుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు టీవీ ముందు కూర్చుంది. తమ్ముడు పవర్ నొక్కాడు.

"అదేంట్రా, ఈ పాటేంటి? ఇది మొదటి పాట కదా," అంది అక్క.

తెర మీద, సేవ్ చేసిన ఆటలుండాల్సిన మూడు గళ్ళున్నాయి. మూడూ ఖాళీ.

అతను ఆపి, వేసి, మళ్ళీ ఆపి వేశాడు. క్యాసెట్ తీసి, వద్దని తెలిసినా ఊదాడు కూడా. వరండాలోకి వెళ్ళి మాస్టారికి ఫోన్ చేశాడు.

"ఎలా ఆపావు?" అన్నారు మాస్టారు.

"పద్ధతిగానే సార్. రీసెట్ పట్టుకునే ఆపాను."

"అది పాత క్యాసెట్ల పద్ధతయ్యా. ఇందులో రీసెట్ నొక్కి వదిలెయ్యాలి. నొక్కగానే ఇది మెమరీ కార్డు మీద రాయడం మొదలెడుతుంది. రెండు లెక్కపెట్టి, మెనూ వచ్చాక ఆపాలి. రాస్తుండగా కరెంటు తీసేస్తే పాతదీ పోతుంది, కొత్తదీ పోతుంది. మీ అక్కకి చెప్పానే! నువ్వు పట్టుకోకుండా ఉన్నా నిన్నటిది ఒక్కటే పోయేది. పట్టుకునే పోగొట్టావు."

తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కరెంటు పోయిందనొచ్చు. క్యాసెట్ పాడైందనొచ్చు, పరీక్ష క్యాసెట్ కదా, ఎవరైనా నమ్ముతారు. గదిలోకి వెళ్ళాడు. అక్క కదలకుండా కూర్చునే ఉంది, మొదటి పాట తిరిగి తిరిగి మోగుతోంది.

"నేనే పోగొట్టానక్కా," అన్నాడు. "అప్పుడూ నేనే. ఆ రోజు కరెంటు పోలేదు. రీసెట్ పట్టుకోలేదు. నిన్న పట్టుకున్నాను. పట్టుకోకూడదట." నలభయ్యేళ్ళకు దగ్గరపడ్డ మనిషి నేల మీద కూలబడి ఏడ్చాడు.

అక్క కంట్రోలర్ వైరును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఆ రోజు నేను కిటికీ దగ్గరే ఉన్నానురా," అంది చివరికి. "ఎదురింటి ఫ్యాను గిర్రున తిరుగుతోంది. మనింటికొక్కదానికే కరెంటు పోయిందా? తెలుసు. తన్నితే అమ్మ నన్నే తిడుతుందని ఊరుకున్నా."

"ముప్ఫయ్యేళ్ళు ఒక్కమాటైనా అనలేదే!"

"నువ్వే చెప్తావని చూశాను. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు, నువ్వూ మీ టంకం తాతా. నీ మీద కోపం లేదని చెప్పను. చాలా ఉంది. పడటానికి టైము లేదు. ఇవాళ పొద్దున్న లేచేసరికి అది కాజా కూడా కాదురా, సూది బెజ్జం."

వేలికి చుట్టుకున్న వైరును విప్పేసింది.

"మొదట్నుంచి మొదలుపెడతా," అంది అక్క. "పంతొమ్మిది రోజులు లేవు నాకు. రాత్రీ పగలూ ఆడినా మూడు రోజులు పడుతుంది. మొదటి రెండు అంతస్తులకి నాకు కళ్ళక్కర్లేదు, చేతులు చాలు. ఆ తరవాత నువ్వు చెప్పాలి."

"ఆపేటప్పుడు..."

"ఆపం. సేవూ వద్దు, రీసెట్టూ వద్దు. ఆ పెట్టెను ఎవ్వరూ ఆపొద్దు."

అప్పుడతనికి కరెంటు సంగతి గుర్తొచ్చింది. ఈసారి నిజంగానే పోతే? చెప్పులేసుకుని సూపర్‌వైజర్ ఇంటికి పరుగెత్తాడు. మొన్న ఒక భవనంలో మార్చిన పాత బ్యాటరీలు, ఇన్వర్టరూ గోడౌన్‌లో ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచేవి.

"ఆదివారం పూట బ్యాటరీ ఏంటయ్యా? ఎవరైనా ఇరుక్కున్నారా?" అన్నాడు సూపర్‌వైజర్ బనీనుతోనే బయటికొచ్చి.

"ఇరుక్కున్నారు సార్," అన్నాడు తమ్ముడు.

ఆ ముఖం చూసి ఆయన ఇంకేమీ అడక్కుండా తాళాలిచ్చాడు.

మధ్యాహ్నానికి పెట్టే, టీవీ రెండూ, కరెంటు పోయినా ఆరకుండా, ఆ ఇన్వర్టర్ మీదికొచ్చాయి. తమ్ముడు పవర్ బటన్ మీద అక్క మిషన్ దగ్గరి అట్టముక్క పెట్టి, పొరపాటున కూడా వేలు తగలకుండా టేపు వేశాడు. అక్క రెండో అంతస్తు దాటింది. మెడ తిప్పడం మానేసింది. కళ్ళు మూసుకునే ఆడుతోంది, ఉన్న ఆ సూది బెజ్జాన్ని ఆఖరి తలుపు కోసం దాచుకుంటూ.

"గబ్బిలం," అన్నాడతను. "ఎడమ మెట్టు. ఇంకొకటి. ఇప్పుడు దూకు."

మూడో అంతస్తులో ఒక్క క్షణం చేతులాపింది.

"ఒరేయ్, ఎర్ర దీపం వెలుగుతోందా?"

దీపం ఆమె మోకాలికి ఎదురుగానే ఉంది. అక్క కళ్ళు తెరిచి సరిగ్గా దాని వైపే చూస్తోంది.

"వెలుగుతోందక్కా," అన్నాడు తమ్ముడు.

"నిజం చెప్పు."

అతను ఆమె చెయ్యి పట్టుకుని, దీపం మీద వేలు ఆనించాడు. దానికి వేడి లేదు, చప్పుడు లేదు. అయినా ఆమె కాసేపు అక్కడే వేలుంచి, తల ఊపి, మళ్ళీ కంట్రోలర్ అందుకుంది.